పికప్ బండికి ఎరువేసినం

నా కొత్త పికప్ నాలుగు దినాలు వర్క్‌షాప్‌ల పండుకొని వచ్చింది గద, ఏమైందని అడిగినోళ్లందరికీ ‘సెన్సార్ ప్రాబ్లం’ అని చెప్పిన. ఇంగ ఇనుండ్రి, సెన్సార్‌ది ఏం తప్పు లేదు పాపం. ప్రాబ్లం నేను, మా మామ. మీరు నా దోస్తులు గనక అసలు ముచ్చట చెప్తున్న. నవ్వితే నవ్వుండ్రి, గని మా సుజాత ముందల మాత్రం ఎత్తకుండ్రి. ఆమె మొన్ననే నాతోని మాట్లాడుడు మొదలుపెట్టింది.

నా పాత బండి మీకు ఎరుకనే. పదమూడేండ్లు సూరత్‌ల పాండేసర మిల్లులకు బట్ట మోసింది. దాని ఇంజిన్ మనిషి లెక్క ఉండేది. నారాజైతే నల్లటి పొగ ఇడిసేది. డీజిల్‌ల గాలి పట్టి ఆగితే, బానెట్ ఎత్తి చేతిపంపు పదిసార్లు కొడితే లేచేది. పైపు పగిలితే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఇంటిదాక తెచ్చుకున్న దినాలున్నయి. దానికి ఏ రోగమొచ్చినా సప్పుడు ఇని చెప్పెటోన్ని, ఫలానా కాడ ఉంది నొప్పి అని.

కొత్తది గట్ల కాదు! బానెట్ ఎత్తితే అంతా నల్ల ప్లాస్టిక్ మూతలే. పానా పెట్టేతందుకు జాగ లేదు, కొట్టేతందుకు పంపు లేదు. అంతా కంప్యూటర్. పొగ రాదు, సప్పుడు రాదు. మొదటి వారం ఇంజిన్ నడుస్తుందా ఆగిందా అని సైలెన్సర్ కాడ చెయ్యి పెట్టి చూసెటోన్ని, మీ తోడు.

ఇంకో చిత్రం ఏందంటే దానికి రెండు మూతలు. ఒకటి డీజిల్‌కు. రెండోది, నీలం రంగుది, యూరియా నీళ్లకు. కంపెనీ డబ్బాలల్ల వస్తయి ఆ నీళ్లు. ఇంజిన్‌కెళ్లి వచ్చే పొగ మీద చిమ్మితే పొగల ఉన్న విషం చస్తదట. బండి చేతికిచ్చిన దినం వర్క్‌షాప్ మేడం, హేతల్‌బెన్ అని, గంటసేపు ఇదంతా చెప్పింది. నేను గంటసేపు తలకాయ ఊపిన. ఇంటికొచ్చినంక చూస్తే తలకాయల మిగిలింది ఒక్కటే మాట. యూరియా.

గిప్పుడు మా మామ ముచ్చట. సుజాత వాళ్ల బాపు, మల్లయ్య. జగిత్యాల దిక్కు ఊరు. వరి, మక్క పండిస్తడు. బిడ్డను సూరత్‌కు ఇచ్చి ఇరవై ఏండ్లాయె, ఇక్కడికి వచ్చుడు మాత్రం ఇదే మొదటిసారి. నేను ఊరికి పోయినప్పుడల్లా మామ నన్ను చెల్క కాడికి తీస్కపోయి కొత్త మోటర్ చూపిస్తడు, పైపులు చూపిస్తడు, మడి గట్టు మీద నిలబెట్టి ‘ఎట్లుంది?’ అంటడు. ఇప్పుడు నా వంతు వచ్చింది. నా దగ్గర చూపియ్యనీకి ఏముంది? అద్దె ఇల్లు, సుజాత లేసు కుట్టే చీరల మూటలు, బయట ఈ బండి. అందుకే రైలు దిగంగనే మామను బండి కాడికే తీస్కపోయిన.

మామ బండి సుట్టూత తిరిగిండు. టైర్లు ఒత్తి చూసిండు. ఎద్దు మెడ నిమిరినట్టు బానెట్ నిమిరి, “మంచిగున్నది అల్లుడా. ఏం తింటది?” అన్నడు.

“డీజిల్ మామా. ఇంకా యూరియా.”

మామ చెయ్యి ఆగింది. “యూరియానా? మేం వరికేసే యూరియానా?”

“ఆ, అదే.”

అదే! ఎవ్వడన్న చెప్పమన్నడా నన్ను? హేతల్‌బెన్ గంటసేపు చెప్పిందంతా ఒక్క మాటతోని మట్టిల కలిపిన. మామ మొఖం మాత్రం ఎలిగిపోయింది. అంతదాక ఈ ఊర్ల ఆయనకు తెలిసినది ఒక్కటి లేదు. లిఫ్ట్ తెల్వదు, భాష తెల్వదు, రోడ్డు దాటుడు తెల్వదు. ఒక్క యూరియా దొరికింది. “అంటే నీ బండి, నా మడి ఒక్కటే అన్నట్టు!” అని నా భుజం మీద కొట్టిండు.

ఒక ఆదివారం కామ్‌రేజ్‌ల కిరాయి ఉండె. మామను పక్కన కూసోపెట్టుకొని పోయిన. సామాన్ దించి మర్లంగ మీటర్ల పసుపు లైట్ ఎలిగింది. యూరియా నీళ్లు అయిపోవస్తున్నయని. పెట్రోల్ బంకుకు పోతే “స్టాక్ నథీ, కాలే ఆవ్‌జో” అన్నడు, స్టాక్ లేదు రేపు రమ్మని. ఇంకో బంకుల కూడ అదే పాట. నాకేమో తెల్లారి పొద్దుగాల కిమ్ ఊరికి పోయేదుండె, తప్పిపోయే పని కాదు.

“ఆపు ఆపు ఆపు!” మామ ఒక్కటే ఒర్రుడు. బ్రేక్ కొట్టిన. ఏమైందో అనుకున్న. రోడ్డు పక్కన చెరుకు తోట. అండ్ల ఒక పెద్దాయన తట్ట చంకల పెట్టుకొని తెల్లటి గింజలు చల్లుతున్నడు.

“యూరియా!” అన్నడు మామ, సుట్టాన్ని చూసినట్టు.

దిగి, దోతి పైకి కట్టి, చెప్పులు చేతుల పట్టుకొని తోటలకు నడిసిండు. మామకు గుజరాతీ రాదు, హిందీ రాదు. ఆ పెద్దాయనకు తెలుగు రాదు. ఇద్దరు కలిసి పావుగంట మాట్లాడుకున్నరు! మామ మట్టి తీసి నలిపి వాసన చూసిండు. ఆయన చెరుకు గడ మీద కణుపులు లెక్కపెట్టి చూపిచ్చిండు. మామ మోకాలి మీద చెయ్యి పెట్టి వరి ఎత్తు చూపిచ్చిండు. నేను మధ్యల నిలబడి హిందీల చెప్పబోతే ఇద్దరూ నన్ను పక్కకు జరగమన్నరు.

ఆఖరుకు మామ తట్ట దిక్కు చూపిచ్చి, బండి దిక్కు చూపిచ్చి, బొటనవేలు నోటికి పెట్టుకొని గటగట తాగినట్టు చేసిండు. పెద్దాయన బండి దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. జాలి పడ్డడు, అది నాకు మంచిగ కనవడ్డది. అయినా మామ మీద మర్యాదకు నాలుగు దోసిళ్లు మామ తువ్వాలల పోసి ముడేసి ఇచ్చిండు.

ఇంటికొచ్చి స్టీల్ బకెట్ బయట పెట్టినం. నేను మాత్రం శాస్త్రం ప్రకారం పోవాలె అన్న. “బోరు నీళ్లు వద్దు మామా, ఇండ్ల సెన్సార్లుంటయి” అని తాగే ఫిల్టర్ నీళ్లు తెచ్చిన. నా తెలివి చూడుండ్రి! యూరియా కరుగుతుంటే బకెట్ సల్లగ అయింది. మామ నా చెయ్యి పట్టి బకెట్‌కు ఆనిచ్చి, “చూసినవా? ఇంజిన్ వేడి కూడ తగ్గుతది” అన్నడు. నాకు నిజమే అనిపిచ్చింది. చేతిల సల్లగ తాకుతుంటే ఎట్ల కాదంట?

“కంపెనీ నీళ్లు ఎంత చిక్కగుంటయి?” అన్నడు.

“ఏమో మామా, ఎన్నడు చూడలే.”

మామ వేలు ముంచి, రెండు వేళ్ల నడుమ రాసి, పాకం చూసినట్టు చూసి, “ఇంకో పిడికెడు పడాలె” అన్నడు. పడ్డది.

నీళ్లు వడపోసేటప్పుడు సుజాత బయటికొచ్చింది. “ఏందయ్యా అది? నా చాయ్ జాలి గద! ఇంట్ల మనుషులు చాయ్ తాగాల్నా వద్దా?” అంత అయినంక బకెట్ల తొంగి చూసింది. “బాపూ, నువ్వన్న చెప్పవా? ఏమయ్యా, ఆ వర్క్‌షాప్ మేడంకు ఒక్క ఫోన్ కొట్టరాదు?”

అగో, గా మాట ఇన్నా అయిపోతుండె. నేనేమన్ననో తెలుసా? “యూరియా గురించి ఆమెను అడుగుడేంది? మీ బాపు నలభై ఏండ్ల సంది చల్లుతున్నడు. ఆమె ఎన్నడన్న ఒక్క మడికి చల్లిందా?” అన్న. మామ ఛాతీ ఇంత పొంగింది. సుజాత నన్నూ, బకెట్‌నూ, వాళ్ల బాపునూ ఒక్కసారి చూసి ఏమనకుండ లోపలికి పోయింది. అది ‘సరే’ అనుకున్న నేను.

నీలం మూత తీసి పోసినం. తాళం చెవి తిప్పిన. పసుపు లైట్ గాయబ్! మామ చప్పట్లు కొట్టిండు. పక్కింటోళ్లు ఏమైందని బయటికొచ్చి చూసిండ్రు. మామ తెలుగుల వాళ్లకు మొత్తం చెప్పిండు. వాళ్లకేం సమజ్ అయిందో గని వాళ్లు కూడ సంబురపడ్డరు.

తెల్లారి పాండేసరల ఆరు బీములు ఎక్కిచ్చిన. బీములంటే తెలుసు గద, మగ్గానికి పడుగు నూలు చుట్టిన పెద్ద రోలర్లు. కిమ్‌ల శంకరన్న మగ్గాలకు అవి. ఆయనది మన సిరిసిల్ల దిక్కే. మాట అంటే మాటనే. “నూలు అయిపోయి మగ్గాలు ఆగినయి రాజేశం. తొమ్మిదింటికి బీములు దిగకపోతే రేపటి సంది వేరే బండి చూసుకుంట” అని ముందురోజే చెప్పిండు. మామ కూడ ఎక్కి కూసున్నడు. “నేను కలిపిన మందు ఎట్ల పనిచేస్తదో చూడాలె” అని.

కామ్‌రేజ్ దాక బండి పువ్వు లెక్క పోయింది. దాటినంక ‘టీం టీం టీం’ అని మోత మొదలైంది. మీటర్ల ఎర్రటి అక్షరాలు.

“ఏమంటుంది?” అన్నడు మామ.

“ఏదో క్వాలిటీ అంటుంది మామా.”

“మంచి క్వాలిటీ అంటుందేమో.”

నిజం చెప్తున్న, నేను కూడ ఒక్క నిమిషం అట్లనే అనుకున్న! ఇంగ సంబురంగ హోటల్ కాడ ఆపి, బండి బంద్ చేసి, ఇద్దరం చాయ్ తాగినం. అదే తప్పు. బండి ఓపిక పట్టుకొని ఉందట, బంద్ చేసి మళ్ల స్టార్ట్ చేసేదాక. స్టార్ట్ చేసి ఎక్సలేటర్ తొక్కిన. ముల్లు ఇరవై కాడికొచ్చి ఆగింది. ఇంకా తొక్కిన. ఇరవై. కాలు నేలకు ఆనేదాక తొక్కిన. ఇరవయ్యే! ఇంజిన్‌కు ఏం కాలేదు, సప్పుడు మంచిగనే ఉంది, పోనని మాత్రం అంటుంది. పాత బండి అయితే దిగి నాలుగు దెబ్బలు కొడుదు. దీన్ని ఏడ కొట్టాలె?

హైవే మీద ఆరు బీములు ఏసుకొని ఇరవై స్పీడ్! ముందుగాల లారీలు దాటినయి. సరే. ఆటోలు దాటినయి. సరే. చెరుకు ట్రాక్టర్ దాటింది. గడల మీద కూసున్నోళ్లు మాకు చెయ్యి ఊపిండ్రు. మామ కూడ ఊపిండు. నాకు తలకాయ ఏడ పెట్టుకోవాల్నో తెల్వలే.

తర్వాత ఫ్లైఓవర్ వచ్చింది. ఎక్కుడు మొదలుపెట్టంగనే ఇరవై పదిహేనైంది, పదైంది, ఆరైంది. మామ తలుపు తీసిండు. “ఏడికి మామా?” అంటే “నా బరువన్న తగ్గుతది” అని దూకినంత పని చేసిండు. అటెంక దిగి, రోడ్డు అంచు పట్టుకొని టకటక నడిసిండు. ఎవ్వలు ముందు ఎక్కిండ్రో చెప్పుండ్రి? మామ! పైన నిలబడి, వెనుక వచ్చేటోళ్లకు తువ్వాల ఊపుకుంట, ఇటుకెళ్లి పోండ్రి, ఇటుకెళ్లి పోండ్రి అని దారి చూపిస్తున్నడు. లారీలోళ్లు ఆయనకు సలాం కొట్టి పోతున్నరు. మీకు నవ్వొస్తుంది గని నాకు అప్పుడు ఏడుపొచ్చింది. చూపియ్యనీకి తెచ్చిన బండి. ఆయనను నడిపిచ్చిన.

ఇంతట్ల శంకరన్న ఫోన్. “ఏడున్నవ్?”

“ట్రాఫిక్ అన్నా, బగ్గ ట్రాఫిక్.”

రెండోసారి ఫోన్. మళ్ల ట్రాఫిక్ అన్న. మూడోసారి మోగంగనే, అప్పటికి మళ్ల ఎక్కి కూసున్న మామ నా చేతులకెళ్లి ఫోన్ గుంజుకున్నడు. “బిడ్డా, నేను రాజేశం మామను. ట్రాఫిక్ ఏం లేదు, అందరు మంచిగనే పోతున్నరు. మా బండికే ఎరువు ఎక్కువైంది” అన్నడు.



కిమ్ చేరేసరికి పదకొండు దాటింది. మగ్గాల షెడ్డు ముందల పనోళ్లంతా వరుసగ నిలబడ్డరు. శంకరన్న చేతులు కట్టుకొని మధ్యల ఉన్నడు. అయిపోయింది నా పని అనుకున్న. ఆయన నా దిక్కు రాలే. మామ దిగుతుంటే పోయి చెయ్యి పట్టుకున్నడు. దోతి అంచుకంతా రోడ్డు దుమ్ము. “పెద్దయ్యా, నడిసినవా?” అన్నడు. “జరంత ఎత్తు కాడనే” అన్నడు మామ. అప్పుడు తిరిగిండు నా మీదికి! లేట్ అయినందుకు ఒక్క మాట అనలే. “ముసలాయనను హైవే మీద నడిపిస్తవా? సిగ్గు లేదా? పైంగ ట్రాఫిక్ అని అబద్ధం!” పనోళ్ల ముందల కడిగి పారేసిండు. మామ అడ్డమొచ్చి, “మా అల్లున్ని ఏమనకు బిడ్డా, కలిపింది నేనే” అన్నడు. ఏం కలిపిండో చెప్పినంక పనోళ్లు బీములు దించుడు ఆపి నవ్విండ్రు. పడిపోతయేమో అని నాకు భయం. శంకరన్న మమ్ముల్ని అన్నం తినకుండ పోనియ్యలే. వేరే బండి ముచ్చట ఎత్తలే. వచ్చే కిరాయికి మామను కూడ తీస్కరమ్మన్నడు.

తెల్లారి అదే ఇరవై స్పీడ్‌ల వర్క్‌షాప్‌కు పోయినం. హేతల్‌బెన్ లాప్‌టాప్ వైర్ పెట్టి, తెర చూసి, నా దిక్కు చూసింది. “రాజేశ్‌భాయ్, అందులో ఏం పోసిండ్రు?” అని హిందీల అడిగింది.

“కంపెనీదే మేడం.”

ఆమె కిందికి వంగి, పొగ గొట్టం కాడ నీళ్లు చిమ్మే చిన్న నాజిల్ ఇప్పి నా చేతుల పెట్టింది. దాని మూతికి తెల్లగ పటికబెల్లం లెక్క పలుకులు పేరుకొని ఉన్నయి. నేను ఇంకో అబద్ధం ఎతుక్కుంటున్న. ఇంతట్ల మామ ముందుకొచ్చి, మొత్తం చెప్పుడు మొదలుపెట్టిండు, అచ్చం తెలుగుల. చల్లుడు చేసి చూపిచ్చిండు. బకెట్ల కలుపుడు చూపిచ్చిండు. వేళ్ల నడుమ పాకం చూపిచ్చిండు. సుజాత జాలి కూడ చూపిచ్చిండు! ఆమెకు ఒక్క ముక్క తెలుగు రాదు, అయినా అంతా సమజ్ అయింది. లోపల ఉన్న మెకానిక్‌లను పిలిచింది. మామ వాళ్ల కోసం మళ్ల మొదటికెళ్లి చేసిండు.

అంతా అయినంక హేతల్‌బెన్ మామ భుజం మీద చెయ్యేసి, “కాకా, ఆ ఖేతర్ నథీ, గాడీ ఛే” అన్నది. ఇది పొలం కాదు కాకా, బండి.

ఆమె నిమ్మలంగ చెప్తుంటే నేను మామకు తెలుగుల చెప్పిన. పొలం యూరియా గింజలకు వేప నూనె పూస్తరట. ఆ జిడ్డు, ఇంకేవేవో మలినాలు సూది రంధ్రమంత నాజిల్‌కు అడ్డం పడతయట. నీళ్లు సక్కగ లేవని కంప్యూటర్‌కు తెలుస్తది. పాత ఇంజిన్ అయితే ఏం పెట్టినా తిని, పొగ ఇడిసి ఊకుండేది. ఇది గట్ల కాదు, పొగ చెడగొట్టనియ్యదు, పోసినోనికి బుద్ధి వచ్చేదాక నడక తగ్గిచ్చుకుంటది.

మామ అంతా ఇని ఒకటే అన్నడు. “వేప నూనె మంచిదే గద? పిల్లలకు కడుపుల పురుగులు పడిపోతయి.”

ఇది ఆమెకు హిందీల చెప్పాల్సిన అవసరం నాకేముండె? చెప్పిన! హేతల్‌బెన్ లాప్‌టాప్ పక్కకు పెట్టి స్టూల్ మీద కూలవడ్డది. కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.

ట్యాంక్ కడగాలె, పైపులు కడగాలె, నాజిల్ కొత్తది తెప్పియ్యాలె. నాలుగు దినాలు అన్నది. బయట బల్ల మీద కూసున్నంక మామ మెల్లగ, “కొత్త బండిని కరాబ్ చేసిన గద అల్లుడా” అన్నడు. అంతదాక నవ్వుతున్న మనిషి, తలకాయ కిందికేసుకున్నడు. 

“అదే యూరియా అన్నది నేను మామా.”

“నువ్వు అంటే అన్నవు. నేనన్న అడగొద్దా, బండికి మడికి ఫరక్ ఉండదా అని?”

మామది ఆ మరునాడే రైలు. పోనన్నడు. బండి లేచినంకనే పోత అన్నడు. నాలుగు దినాలు పొద్దుగాల్నే తయారై నాతోని వర్క్‌షాప్‌కు వచ్చి, బల్ల మీద కూసొని, మెకానిక్‌లు చేసేదంతా కండ్లార్పకుండ చూసిండు. హేతల్‌బెన్ ఆయనకు రోజు చాయ్ తెప్పిచ్చేది. ఆఖరు దినం ఆమె కంపెనీ డబ్బా సీల్ ఇప్పి, “కాకా, మీరే పోయుండ్రి” అన్నది. మామ పోయి సబ్బుతోని రెండుసార్లు చేతులు కడుక్కొని వచ్చిండు. చుక్క కింద పడకుండ పోసిండు. పూజ చేసినట్టే. నేను స్టార్ట్ చేసిన. లైట్లు లేవు, మోత లేదు. రింగ్ రోడ్డు మీద అరవై దాటంగనే మామ నా తొడ మీద చరిచి, “ఇగో, గిప్పుడు తిన్నది దీని తిండి!” అన్నడు.

మామ ఊరికి పోయిండు. నిన్న ఫోన్ చేసిండు. సొసైటీ కాడ యూరియా బస్తాల లైన్ల నిలబడ్డడట. ఆయన వంతు వచ్చేసరికి సారు అడిగిండట, “ఎన్ని ఎకరాలు పెద్దయ్యా?” అని.

“మూడెకరాలు సారూ. ఇంకా సూరత్‌ల ఒక అల్లుడు” అన్నడట మామ.

ఇంగ అడగాల్నా? సారు కలం కింద పెట్టి చెప్పమన్నడట. మామ చెప్పిండు. చల్లుడు, కలుపుడు, జాలి, ఫ్లైఓవర్, అన్ని. లైన్ల ఉన్నోళ్లు లైన్ ఇడిసి సుట్టూత నిలబడ్డరట. ఫోన్‌ల నాకు వాళ్ల నవ్వులు వినవడుతనే ఉన్నయి. మామ ఊరోళ్ల గొంతులు కూడ గుర్తుపట్టిన.

“సరే గని, బస్తాలు ఎన్ని ఇచ్చిండు మామా?” అన్న.

“రెండు ఇచ్చిండు. అల్లునిది ఇంకోటి అంటే, అల్లున్ని పట్టా పాస్‌బుక్ తెమ్మను అన్నడు.”

నా పేరు మీద సెంటు భూమి లేదు, మీకు తెలుసు. ఏం చేస్త మరి?

“బండి ఆర్సీ నడుస్తదేమో అడుగు మామా” అన్న.